పత్తికట్టె బయోచార్ బస్తా: సీసం చేరిన పెరట్లో ఏడాది వాడాక

హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామికవాడకు కూతవేటు దూరంలో మాకు 150 గజాల పెరడు ఉంది. దాని ఉత్తరపు గోడకు ఆవల ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే రేకుల షెడ్డు ఉండేది. అది మూతపడి చాలా ఏళ్లయింది. షెడ్డు పోయినా దాని మట్టి మాత్రం మా వైపు ఉండిపోయిందన్న ఆలోచన, మా అత్తమ్మ ఏళ్ల తరబడి అక్కడే పాలకూర, తోటకూర పండిస్తున్నా, మాలో ఎవరికీ తట్టలేదు. మనవరాలు ఆ మట్టిలో ఆడుకోవడం మొదలుపెట్టాకనే పరీక్ష చేయిద్దామనిపించింది. గోడ పక్క మట్టిలో కిలోకు 600 మిల్లీగ్రాములు దాటి సీసం ఉందని నివేదిక వచ్చిన రోజు నుంచి ఆ వైపు ఆకుకూర కోయడం మానేసి, మట్టిని ఏం చేయాలో వెతకడం మొదలుపెట్టాం. ఆ వెతుకులాటలో దొరికిందే ఈ బయోచార్, అంటే మట్టిలో కలిపే బొగ్గు, బస్తా. దీన్ని కొని, మడుల్లో కలిపి, రెండు పంటలు చూసి, మూడుసార్లు మట్టి పరీక్ష చేయించిన తర్వాత రాస్తున్న అభిప్రాయం ఇది.

మట్టి మొత్తం తవ్వి పారేయడం మా తాహతుకు మించిన పని. పారేయాలన్నా ఎక్కడ పారేస్తాం, మరొకరి ఇంటి పక్కనే కదా. కాటేదాన్, పటాన్‌చెరు పారిశ్రామికవాడల నేలల్లో సీసం లాంటి భారలోహాల మోతాదును ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు చాలా కాలం కిందటే కొలిచి ప్రచురించారు. కాబట్టి ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఉన్న మట్టిని ఉన్నచోటే ఉంచి, అందులోని సీసం వేర్లకూ నీటికీ అందకుండా చేసే ఉపాయాల్లో బయోచార్ ఒకటని చదివి, నగర శివారులో దాన్ని తయారుచేసి అమ్మే ఒక సంస్థకు ఫోన్ చేశాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదుల్లో చాలావరకు ఈ వ్యాపారం మొత్తానికి వర్తించేవే.

20 కిలోల బస్తా రూ.700. మూడు బస్తాలు తెప్పించాను, ట్రాలీ ఆటో కిరాయి అదనం. బస్తాలు దించుతుంటే అత్తమ్మ చూసి, "బొగ్గుకు గిన్ని పైసలా బిడ్డా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

బయోచార్ అంటే బొగ్గే, కాని వంటకు కాల్చే బొగ్గు కాదు. గాలి దాదాపు అందకుండా 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య పంట వ్యర్థాలను కాల్చితే కట్టెలోని ఆవిరయ్యే పదార్థాలు పోయి, తేనెపట్టు లాంటి సూక్ష్మ రంధ్రాలతో గట్టి కర్బనం మిగులుతుంది. కట్టెలోని పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు బూడిద రూపంలో అందులోనే ఉండిపోతాయి, అందుకే ఇది సాధారణంగా క్షార గుణం చూపుతుంది. మా బస్తా పత్తికట్టెతో చేసినదని ముద్రించారు. పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో తగలబెట్టే కట్టెకు ఇంతకంటే మంచి గతి ఉండదు కనుక ఆ ఒక్క విషయంలో ముందే సంతోషించాను.

బస్తా విప్పి గుప్పెడు తీసి చూశాను. చిటికెన వేలి గోరంత ముక్కలు, వాటి మధ్య పొడి. ఒక ముక్కను సిమెంటు గచ్చు మీద పడేస్తే గాజు గోళీ పడ్డట్టు కంగుమంది. బాగా కాలిన బొగ్గు అలాగే మోగుతుంది, సరిగా కాలనిది మొద్దు చప్పుడు చేస్తుంది. అరచేతిలో వేసి నలిపి, సబ్బు లేకుండా కుళాయి నీళ్ల కింద పెడితే నలుపు చాలావరకు పోయింది. జిడ్డుగా అంటుకుని సబ్బుకు కూడా లొంగకపోతే లోపల తారు మిగిలిందని అర్థం, అలాంటిది మట్టిలో వేయకూడదు. ముక్కల్ని విరిచి చూస్తే ఇరవైలో మూడింటికి లోపల ఇంకా గోధుమ రంగు ఉంది. అంటే కొలిమిలో లావుపాటి మొదళ్లు పూర్తిగా కాలలేదు. పరవాలేదు కాని, మెచ్చుకోదగ్గ పని కూడా కాదు. ఒక చెంచా పొడిని గ్లాసెడు వాన నీళ్లలో కలిపి గంట తర్వాత కాగితపు పట్టీతో చూస్తే పీహెచ్ (7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం) 9కి పైన కనిపించింది. ఇది ఊక బూడిద కాదని తేల్చుకోవడానికి ఇంకాస్త శ్రమ పడ్డాను, ఎందుకంటే రైస్ మిల్లు బాయిలర్ల నుంచి వచ్చే నల్లటి ఊక బూడిదను బయోచార్ పేరుతో అమ్మడం నేను కళ్లారా చూశాను. ఊక బూడిదలో ఉండేది ప్రధానంగా సిలికా, కర్బనం తక్కువ. పత్తికట్టె బొగ్గు ముక్కలో కట్టె నారలు, దవ్వ గుర్తులు కంటికి కనిపిస్తాయి, ఊక బూడిదలో పడవ ఆకారంలో ఊక చిప్పలు కనిపిస్తాయి. భూతద్దం చాలు.

తూకం దగ్గర అసలు గొడవ వచ్చింది. బస్తా చేతికి తడిగా తగిలింది. ఒక బస్తాను మేడ మీద టార్పాలిన్ పట్టా పరిచి మూడు రోజుల మే ఎండలో ఆరబెట్టి తూచితే 14.6 కిలోలు వచ్చింది. అంటే 5.4 కిలోల నీళ్లకు కూడా డబ్బు కట్టాను. పొడి లెక్కన చూస్తే కిలో రూ.35 కాదు, దాదాపు రూ.48. ఫోన్ చేసి అడిగితే, "తడి లేకుండా పంపితే దుమ్ము లేస్తుంది సార్, కొత్త బొగ్గు బస్తాలో వేడెక్కి రాజుకుంటుంది కూడా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. అప్పుడే దించిన బయోచార్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ లోలోపల వేడెక్కగలదు, తడిపి నిల్వ చేయడమే క్షేమం. దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదన్నదీ నిజమే. కాని తడిపినంత మాత్రాన తూకం దాచాల్సిన పని లేదు. "పొడి బరువు ఇంత, తేమ ఇంత శాతం" అని బస్తా మీద ఒక్క వరుస ముద్రిస్తే ఈ పేరా రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

విశ్లేషణ నివేదిక ఉందా అని అడిగితే వాట్సాప్‌లో ఒక పేజీ పంపారు. అందులో ఉన్నవి కర్బనం శాతం, పీహెచ్, బూడిద. అదైనా నా బస్తాల కంటే ఏడాది ముందు తయారైన సరుకుది. బొగ్గులోనే భారలోహాలు ఎంత ఉన్నాయన్నది లేదు, అసంపూర్ణంగా కాలినప్పుడు పుట్టే పీఏహెచ్ అనే హానికర సమ్మేళనాల ఊసు లేదు. లోహాలను కట్టడి చేయడానికి కొనే సరుకులో లోహాలు ఉన్నాయో లేవో చెప్పకపోవడం చిన్న లోపం కాదు. పత్తికట్టెకు ఆ బెడద తక్కువే. అదే మురుగునీటి శుద్ధి కేంద్రాల బురదతోనో, రంగు పూసిన పాత చెక్కతోనో చేసిన బయోచార్ అయితే కాల్చాక లోహాలు ఇంకా చిక్కగా మిగులుతాయి. అందుకే ముడిసరుకు ఏమిటో చెప్పని బస్తాను ఎంత చవకగా వచ్చినా కొనవద్దని నా సలహా. నాణ్యతకు అంతర్జాతీయంగా వాడే కొలమానాలు ఉన్నాయి. ఉదాహరణకు యూరోపియన్ బయోచార్ ధ్రువీకరణ ప్రకారం హైడ్రోజన్ అణువుల సంఖ్య సేంద్రియ కర్బన అణువుల సంఖ్యలో 0.7 వంతుకు మించకూడదు. కట్టె నిజంగా బొగ్గుగా మారిందనడానికి ఆ నిష్పత్తే గుర్తు. నేను అడిగినప్పుడు అవతలి గొంతులో వినిపించిన మౌనాన్ని బట్టి ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ వేసినట్టు లేదు.

ఇక బస్తా మీద పచ్చటి అక్షరాలతో ముద్రించిన వాక్యం: "నేలలోని సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం తొలగిస్తుంది." ఈ సమీక్షలో నా ప్రధాన అభ్యంతరం ఈ వాక్యంలోని చివరి మాట మీదే. బయోచార్ దేన్నీ తొలగించదు. ఒక్క మిల్లీగ్రాము సీసం కూడా మా పెరటి నుంచి బయటికి పోలేదు, పోదు కూడా. అది చేసేది కట్టిపడేయడం.

ఎలా కట్టిపడేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ నేలకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నది అక్కడే తేలుతుంది. మట్టి నీటిలో సీసం, కాడ్మియం ధన విద్యుదావేశం గల అయాన్లుగా తిరుగుతాయి. మట్టి పులుపెక్కిన కొద్దీ అవి మట్టి కణాలను వదిలి నీటిలోకి వస్తాయి. బయోచార్‌లోని బూడిద ఆ పులుపును విరిచి పీహెచ్ పెంచుతుంది, అప్పుడు సీసం కార్బొనేటుగా, హైడ్రాక్సైడుగా, ఫాస్ఫేటు అందుబాటులో ఉంటే దాదాపు కరగని సీసపు ఫాస్ఫేటుగా గడ్డకడుతుంది. ఇంకోపక్క బొగ్గు ఉపరితలం మీద ఉండే, ఆక్సిజన్‌తో కూడిన రసాయన గుంపులు లోహాలను పట్టుకుంటాయి, బొగ్గుకు అంటుకుని ఉన్న కాల్షియం, పొటాషియం పక్కకు తప్పుకుని సీసానికి చోటిస్తాయి. అంటే ఇందులో పులుపు విరిచే పని సున్నం కూడా చేసేదే, మిగతాదే బొగ్గు పని. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు.

ఆర్సెనిక్ దగ్గర లెక్క తలకిందులవుతుంది. అది మట్టిలో ఎక్కువగా రుణావేశంతో ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది, పీహెచ్ పెరిగితే మట్టిని వదిలేసి నీటిలోకి జారుతుంది. బూడిదలోని ఫాస్ఫేటు కూడా దాని చోటు లాక్కుని బయటికి నెడుతుంది. ఆర్సెనిక్ ఉన్న నేలలో మామూలు బయోచార్ వేస్తే మేలు మాట అటుంచి కీడు జరగవచ్చు. ఇనుప లవణాలతో శుద్ధి చేసిన బయోచార్ మీద పరిశోధనలు జరగడానికి కారణం అదే. క్రోమియం మరో రకం. ప్రమాదకరమైన ఆరు సంయోజకత రూపాన్ని బొగ్గు ఎలక్ట్రాన్లు ఇచ్చి మూడు సంయోజకత రూపంలోకి మార్చగలదు, అయితే ఆ మార్పు పులుపు నేలలో చురుగ్గా, క్షార నేలలో మందంగా సాగుతుంది. ఇన్ని స్వభావాలున్న అయిదు లోహాలను ఒకే వాక్యంలో కుక్కి "తొలగిస్తుంది" అని ముద్రించడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే.

మా పెరటికి ఒక విచిత్రమైన సౌలభ్యం ఉంది. బ్యాటరీల్లోని గంధకామ్లం కూడా గోడ కిందుగా ఇంకింది కాబోలు, గోడ పక్క ఎర్రమట్టి పీహెచ్ 5.4 ఉంటే, దక్షిణపు చివర ఎప్పుడో తోలించిన నల్లమట్టిలో 7.7 ఉంది. సీసం కూడా ఆ చివర బాగా తక్కువ. ఒకే బస్తాను రెండు రకాల నేలల్లో చూసే అవకాశం దొరికింది కదా అని, 10 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పుతో మడులు కట్టించాను. గోడ పక్క నాలుగు: ఒకటి ఏమీ వేయనిది, ఒకటి కిలో పొడి సున్నం వేసినది, ఒకటి బస్తా మీది సూచన ప్రకారం బయోచార్ వేసినది, ఒకటి నా లెక్క ప్రకారం వేసినది. దక్షిణాన రెండు: ఒకటి ఖాళీది, ఒకటి నా లెక్క ప్రకారం బయోచార్ వేసినది.

నా లెక్క ఏమిటంటే, 15 సెంటీమీటర్ల లోతు వరకు 40 చదరపు అడుగుల మడిలో ఇంచుమించు 780 కిలోల మట్టి ఉంటుంది. లోహాలను కట్టడి చేయడానికి సాధారణంగా మట్టి బరువులో 1 నుంచి 5 శాతం వరకు బయోచార్ వాడుతుంటారు. 2 శాతం అనుకుంటే 15.6 కిలోలు, అంటే ఆరబెట్టిన బస్తా మొత్తం ఒక్క మడికే పోతుంది. బస్తా మీద మాత్రం "200 చదరపు అడుగులకు ఒక బస్తా" అని ఉంది. ఆ మోతాదు అర శాతం కూడా కాదు. మొక్కల కుండీలకు, మామూలు తోటకు అది సరిపోవచ్చు. సీసం ఉన్న మట్టికి సరిపోదు.

కలిపే పని మృగశిర కార్తె మొదటి వానల తర్వాత చేశాం. గోడ పక్క మడుల కోసం బయోచార్‌ను 15 రోజుల పాటు పశువుల ఎరువు, పలచబరిచిన ఆవు మూత్రంలో నానబెట్టాను. దక్షిణపు మడి వరకు వచ్చేసరికి మబ్బు కమ్ముకుంది. నానబెట్టే ఓపిక లేక నేరుగా చల్లి పారతో తిప్పేశాను. దాని ఫలితం 20 రోజుల్లో కనిపించింది: గోడ పక్క పాలకూర నిగనిగలాడుతుంటే దక్షిణాన కింది ఆకులు ముందుగా పాలిపోయి, తర్వాత మొక్క మొత్తం లేత పసుపుకు తిరిగింది. ఖాళీ బొగ్గు రంధ్రాలు నత్రజనిని ముందు తామే పట్టుకుని కూర్చుంటాయని చదివి ఉన్నాను, కళ్లతో చూడటం అప్పుడే. పలచటి ఆవు మూత్రం రెండుసార్లు పోశాక తేరుకుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. సీసాన్ని పట్టుకునే చేతులే జింకును, ఇనుమును కూడా పట్టుకుంటాయి. ఇప్పటికే జింకు తక్కువగా ఉన్న నల్లరేగడిలో ఎక్కువ మోతాదు వేస్తే కొత్త చిక్కు తెచ్చుకున్నట్టే. బస్తా మీద దీని గురించి ఒక్క హెచ్చరిక లేదు, నానబెట్టమన్న సూచన కూడా లేదు.

ఇక పరీక్షలు. మట్టి పరీక్షకు ఇచ్చిన ప్రయోగశాలనూ ఇక్కడే సమీక్షించాలి, ఎందుకంటే బయోచార్ మంచి చెడ్డలు అక్కడి కాగితం మీదే తేలతాయి. మొదటిసారి వారు చేసింది మొత్తం సీసం పరీక్ష. మట్టిని గాఢ ఆమ్లాల్లో మరిగించి ఉన్నదంతా కొలుస్తారు. బయోచార్ వేసిన ఆరు నెలల తర్వాత రెండోసారి ఇచ్చినప్పుడూ అదే పరీక్ష చేసి పంపారు. అంకె దాదాపు మారలేదు. మారకూడదు కూడా. మా బావమరిది ఆ కాగితం చూసి, "రెండు వేల రూపాయల బొగ్గు మట్టిపాలు" అని నవ్వాడు, అతని తప్పేమీ లేదు. బస్తా మీద "తొలగిస్తుంది" అని చదివినవారు ఎవరైనా అదే అంటారు. బొగ్గు పని చేసిందో లేదో తెలియాలంటే కొలవాల్సింది మొత్తాన్ని కాదు, మొక్కకు అందే భాగాన్ని. డీటీపీఏ అనే ద్రావణంలో 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి రెండు గంటలు కుదిపి, వడగట్టిన నీటిలో లోహాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. 1978లో లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు దీన్ని జింకు, ఇనుము, మాంగనీసు, రాగి కోసం రూపొందించారు. మన భూసార పరీక్షల్లో సూక్ష్మపోషకాలను ఇప్పటికీ ఇలాగే చూస్తారు. అదే వడపోత నీటిలో సీసం, కాడ్మియం కూడా చూడవచ్చు. కాకపోతే అడగాలి. నేను అడిగితే కౌంటరులో ఉన్న అమ్మాయి లోపలికి వెళ్లి, కనుక్కుని వచ్చి, నమూనాకు రూ.1,800 అవుతుందని చెప్పింది. ఏ పరీక్ష దేనికో మొదటి రోజే చెప్పి ఉంటే ఆరు నెలలు, ఒక నమూనా రుసుము మిగిలేవి. అయితే తర్వాత వచ్చిన నివేదికలు శుభ్రంగా ఉన్నాయి. పద్ధతి పేరు, యంత్రం పేరు, కొలవగల కనిష్ఠ మోతాదు అన్నీ రాశారు. మొదట తీసిన మట్టి ఒక డబ్బాలో దాచి ఉంచడం వల్ల పాత, కొత్త నమూనాలు రెండింటికీ ఒకేసారి డీటీపీఏ చేయించగలిగాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు కిలో మట్టి పక్కన పెట్టుకోండి.

నమూనా తీయడంలో కూడా జాగ్రత్త అవసరం. మడిలో అయిదారు చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, ఒక పక్క నుంచి పైనుంచి కింది వరకు పలచటి పొర గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టాలి. జింకు పూత ఉన్న తాపీ, బకెట్ వాడితే జింకు అంకె చెడిపోతుంది. గోడ మొదట్లో ఒక్కచోట తీసిన మట్టితో తీర్పు చెప్పకూడదు, అక్కడ అడుగు దూరానికి అంకె మారిపోతుంది.

ఏడాది చివరి డీటీపీఏ నివేదికలో గోడ పక్క, బస్తా మొత్తం వేసిన మడిలో మొక్కకు అందే సీసం తగ్గి, మొదట్లో ఉన్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ మిగిలింది. పీహెచ్ 6.6 అయింది. బస్తా సూచన ప్రకారం వేసిన మడికీ ఏమీ వేయని మడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నల్లమట్టి మడిలో తగ్గుదల ఎనిమిదో వంతుకు మించలేదు. అక్కడ నేల ముందే క్షార గుణంతో ఉంది, బూడిద చేయగల పని మిగల్లేదు. హైదరాబాదు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లోనూ, మూసీ మురుగునీరు పారిన చోట్లా పీహెచ్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది కాబట్టి, పులుపు నేలల మీద వచ్చిన గొప్ప ఫలితాలు చూపించి ఇక్కడ అమ్మే బస్తాల మీద అంత ఆశ పెట్టుకోకూడదని ఈ మడి నాకు చెప్పింది.

సున్నం మడి సంగతి అమ్మేవారికి రుచించదు. ఇరవై రూపాయల సున్నంతో ఆరు నెలలకు సీసం తగ్గిన తీరు, బయోచార్ మడికి రెండో స్థానమే అయినా, చాలా దగ్గరి రెండో స్థానం. కాకపోతే ఏడాదికి చూస్తే సున్నం మడి పీహెచ్ వానలకు మళ్లీ దిగడం మొదలైంది, సీసం కాస్త పైకి లేచింది. బయోచార్ మడి నిలబడింది, మట్టి కూడా గుల్లగా మారి నీళ్లు పెట్టే రోజులు తగ్గాయి. ఒక్క పెరటి ఆరు మడులతో సూత్రాలు కట్టలేం, పైగా బయోచార్ మడి ఎరువులో నానిన బొగ్గు తిన్నది, సున్నం మడికి ఆ ఎరువు లేదు, కాబట్టి ఎరువు చేసిన పని ఎంతో విడదీయలేను. అయినా డబ్బు తక్కువ ఉన్నవారు పులుపు నేలకు ముందు సున్నంతో మొదలుపెట్టి, సగం మోతాదు బయోచార్ కలపడమే తెలివైన పని అని నాకు అనిపిస్తోంది.

ఆకు పరీక్ష నాకు మరో పాఠం నేర్పింది. అదే మడిలోని పాలకూరను సగం కడగకుండా, సగం మూడు నీళ్లలో బాగా కడిగి ఇస్తే, కడగని ఆకులో సీసం చాలా ఎక్కువ వచ్చింది. వేర్ల ద్వారా సీసం ఆకుల్లోకి ఎక్కడం కంటే, వాన చినుకులు పడి చింది ఆకు అడుగున అంటుకున్న మట్టే పెద్ద దోషి. కాడ్మియం అలా కాదు, వేరు నుంచి ఆకుకు సులువుగా ఎక్కుతుంది. కాబట్టి బయోచార్ వేసి ఊరుకోకుండా మడుల మీద ఎండుగడ్డి కప్పడం కూడా అంతే ముఖ్యం. ఆ పని మేం రెండో పంటకు చేశాం. ఇంతా చేసి, గోడ పక్క బయోచార్ మడిలో బాగా కడిగిన ఆకులో కూడా సీసం, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఆకుకూరలకు పెట్టిన కిలోకు 0.3 మిల్లీగ్రాముల హద్దును కొంచెం దాటింది. పిల్లలకు సీసం విషయంలో సురక్షితమని చెప్పదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నప్పుడు "కొంచెం" అన్న మాటకు మా వంటింట్లో చోటు లేదు.

ఎకరాలకు ఎకరాలు ఉన్న రైతు ఈ బస్తా కొనవచ్చా అని ఒకరిద్దరు అడిగారు. ఎకరానికి 15 సెంటీమీటర్ల లోతున దాదాపు 850 టన్నుల మట్టి ఉంటుంది, 2 శాతం అంటే 17 టన్నుల బయోచార్. ఈ బస్తా ధరకు, పొడి బరువు లెక్కన రూ.8 లక్షలు దాటుతుంది. అది రైతు పెట్టుబడి కాదు. సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, 200 లీటర్ల నూనె డ్రమ్ముతో పొలం గట్టునే పత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్న కట్టెలను బయోచార్‌గా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. ఊళ్లో అయితే అదే దారి. నగరంలో మాత్రం ఆ డ్రమ్ము వెలిగిస్తే పొగకు పక్కింటివారు ఊరుకోరు, మా ఇంటి చుట్టూ ఇప్పటికే పొగకు కొదవ లేదు.

అయిదింటికి మూడు మార్కులు వేస్తున్నాను. సరుకు మీద నమ్మకంతో మూడు, తడి తూకానికీ, పాత నివేదికకీ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పచ్చ అక్షరాల వాక్యానికీ రెండు కోత. పులుపు నేల, సీసం లేదా కాడ్మియం సమస్య, చిన్న జాగా, ముందూ వెనకా డీటీపీఏ పరీక్ష చేయించే ఓపిక, ఈ నాలుగూ ఉన్నవారు కొనవచ్చు. కొనేటప్పుడు పొడి బరువు, ముడిసరుకు, బొగ్గులోని లోహాల నివేదిక అడగాలి. కలిపేటప్పుడు తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆర్సెనిక్ ఉన్న నేలకు ఈ బస్తా తాకించవద్దు.

దక్షిణపు మడుల్లో ఇప్పుడు బెండ, టమాట వేశాం. సీసం ఆకుల్లో, దుంపల్లో చేరినంతగా కాయల్లో చేరదు కనుక ఆకుకూరలను, ముల్లంగిని తోలించిన కొత్త మట్టి నింపిన తొట్లలోకి మార్చాం. మూడో బస్తాలో మిగిలినది వరండాలో తడి గోనెపట్టా కింద ఉంది, వచ్చే మృగశిరకు సున్నం మడిలో కలుపుతాను. గోడ పక్క నాలుగు మడుల్లోనూ అత్తమ్మ బంతి నారు పోశారు, బతుకమ్మ నాటికి పూతకు వస్తుందని లెక్క వేసుకుంటున్నారు. బొగ్గు ధర గురించి మళ్లీ అడగలేదు కాని, నారు పెట్టేటప్పుడు నల్లగా గుల్లబారిన ఆ మడి మట్టిని వేళ్లతో కదిపి చూసి, పక్కనున్న ఖాళీ మడిని కూడా చూసి, మనవరాలిని మాత్రం అరుగు మీదే కూర్చోమన్నారు.